మంచుమీద బండి, బురదలో బండి



దమ్ము చేలో ట్రాక్టరు దిగబడినప్పుడు గట్టుమీద జరిగే మాటల గలాభా మీకు తెలియనిది కాదు. "ఇంజను చాలదండీ, ఇంకా పెద్ద బండి తేవాలి" అంటాడొకరు. "గేరు మార్చు, గట్టిగా తొక్కు" అంటారు ఇంకొకరు. డ్రైవరు కుర్రవాడు గట్టిగానే తొక్కుతాడు. చక్రం తిరిగినకొద్దీ గొయ్యి లోతవుతుంది, చివరకు బండి పొట్ట బురదకు ఆనుతుంది. అదే చేలో చదును బల్లమీద నిలబడిన మనిషిని చూడండి. బల్ల ఎక్కితే బురదమీద తేలిపోతాడు, దిగితే పిక్కల దాకా దిగబడతాడు. మనిషి అతనే, బరువూ అంతే. మారినదల్లా అడుగు వెడల్పు.

ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకొని, మంచు కురిసే దేశాలలో పల్లెటూరి మెకానిక్కులు, రైతులు తమ కొట్టాలలో చిన్న బండ్లకు మంచుమీద నడిచే పట్టాలను తయారు చేసుకున్నారు. ఆ పట్టా ఎట్లా తయారవుతుంది, ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ ప్రమాదం తెస్తుంది అనేది ఈనాడు చెప్పదలచాను. "మంచుతో మనకేం పనండీ?" అంటారేమో. పని ఉన్నది. మంచులో బండి కూరుకుపోవడానికీ, మన రొంపిలో ట్రాక్టరు దిగబడడానికీ కారణం ఒక్కటే. అక్కడివాళ్ళు నేర్చుకున్న పాఠంలో కొంత మనకు పనికి వస్తుంది, కొంత పనికి రాదు. ఆ రెండూ తెలుసుకోవడంలో ప్రాణాలు నిలిపే సంగతి కూడా ఉన్నది. దానిని చివర చెబుతాను.

మొదట మంచు అంటే ఏమిటో అనుకొందాం. మనకు మంచు అంటే తెల్లవారుజామున కమ్ముకొనే పొగమంచు, ఆకులమీద నిలిచే బిందువులు. అక్కడి మంచు వేరు. దూది పింజల వలె ఆకాశంనుండి రాలి మోకాలిలోతు, నడుములోతు పేరుకుంటుంది. కొత్తగా పడిన మంచు మన ఊకకుప్ప వంటిది. ఊకకుప్పమీద కాలు పెడితే కాలు లోపలికి పోతుంది. బలంగా తొక్కితే మరింత పోతుంది. మోటారు చక్రమూ అంతే.

కెనడా దేశంలో క్విబెక్ రాష్ట్రాన వాల్‌కూర్ అని ఒక చిన్న ఊరు. 1907లో పుట్టిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అక్కడ మోటారు గారేజీ నడిపేవాడు. ఆ రోజులలో చలికాలం వచ్చిందంటే పల్లెదారులన్నీ మంచుతో మూసుకుపోయేవి. కార్లను కొట్టాలలో పెట్టి, గుర్రాలు లాగే జారుడు బండ్లలో తిరిగేవారు. మంచుమీద నడిచే మోటారు బండి చేయాలని బొంబార్డియర్ చిన్ననాటినుండీ పాటుపడుతూనే ఉన్నాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకుకు అపెండిసైటిస్ వచ్చింది. దారులు మూసుకుపోయాయి. ఆసుపత్రికి చేర్చే సాధనం లేక ఆ పసివాడు చనిపోయాడు. ఇంటిలో ఆ దుఃఖం పెట్టుకొని ఆయన గారేజీలో పని సాగించాడు. రబ్బరు తొడిగిన పళ్ళ చక్రం, దానిమీద తిరిగే బెల్టు, బెల్టుకు అడ్డంగా ఉక్కు కమ్మీలు కలిపి ఒక పట్టాను సాధించాడు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఏడుగురు కూర్చునే మంచుబండి తయారైంది. వైద్యులు రోగుల ఇండ్లకు వెళ్ళడానికి, పిల్లలు బడికి, ఉత్తరాలు ఊళ్ళకు చేరడానికి అటువంటి బండ్లు వాడుకలోకి వచ్చాయి. ఆయన 1964లో కాలం చేశాడు.

ఈ ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు. అంతకు ముందే అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో వర్జిల్ వైట్ అనే ఆయన ఫోర్డు మోడల్ టి కారును మార్చాడు. ముందు చక్రాలు తీసి, వాటి స్థానంలో నేలమీద జారే పొడుగుపాటి చెక్కలు అమర్చాడు. వెనుక ఇంకొక జత చక్రాలు చేర్చి, రెండు జతలను చుట్టి పట్టా వేశాడు. 1917లో దానికి పేటెంటు పొందాడు. తరువాత ఎందరో ఈ దారినే నడిచారు. చిన్న బండికి ఇంటివద్ద పట్టా కట్టుకొనేవారు నేటికీ చేసే పని ముఖ్యంగా ఇదే.

ఇక లెక్కకు వద్దాం. భయపడనక్కరలేదు, సంతలో బేరంకన్నా కష్టం కాదు. ఒక వస్తువు నేలను ఎంత గట్టిగా నొక్కుతున్నదో తెలియాలంటే, దాని బరువును అది ఆనుకొన్న చోటి వైశాల్యంతో భాగించాలి. అరవై కిలోల మనిషి నడిచేటప్పుడు ఒక పాదంమీద బరువంతా మోపుతాడు. ఆ పాదం 200 చదరపు సెంటీమీటర్లు అనుకొంటే, చదరపు సెంటీమీటరుకు 0.3 కిలో పడుతుంది. చిన్న జీపు వంటి బండిలో వెనుక ఇరుసుమీద 500 కిలోలు ఉన్నవనుకొందాం. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడుగు, అంటే 300 చదరపు సెంటీమీటర్లు. రెండు టైర్లకు 600. భాగిస్తే సుమారు 0.83 కిలో. అంటే మనిషి పాదంకన్నా దాదాపు మూడురెట్లు గట్టిగా నొక్కుతుందన్నమాట.

ఇప్పుడు అదే బండికి పట్టా వేద్దాం. పట్టా 30 సెంటీమీటర్ల వెడల్పు, నేలమీద పరచుకొనే పొడుగు 90 సెంటీమీటర్లు. ఒక్కొక్క ప్రక్క 2,700, రెండు ప్రక్కలా 5,400 చదరపు సెంటీమీటర్లు. పట్టాలు, అదనపు చక్రాల బరువు చేరి వెనుక బరువు 600 కిలోలు అయిందనుకొన్నా, చదరపు సెంటీమీటరుకు పడేది 0.11 కిలో మాత్రమే. మనిషి పాదం వేసే ఒత్తిడిలో మూడోవంతుకు కాస్త ఎక్కువ. మనిషి దిగబడే చోట బండి దిగబడకుండా పోవడంలోని కిటుకు ఇదే. ఇందులో ఇంజను బలం ఒక్క గుర్రం కూడా పెరగలేదు, గమనించండి.

వ్యవసాయ సిబ్బందికి ఒక సూచన. ఈ లెక్కను నల్లబల్లమీద వ్రాసి చూపడంకన్నా, మడి గట్టున ఒక ఇటుకతో చూపండి. మెత్తని బురదమీద ఇటుకను మొదట నిలువుగా నిలబెట్టండి. తరువాత ప్రక్కనే వెడల్పుగా పరచండి. నిలువు ఇటుక దిగిపోతుంది, పరచిన ఇటుక నిలుస్తుంది. చూచినవారు మరచిపోరు.

పట్టా తయారీ ఎట్లాగో క్రమంగా చెబుతాను. మనం దీనిని మంచుకోసం చేసుకోబోవడం లేదు. అయినా ప్రతి మెట్టులోనూ ఒక కారణం ఉన్నది, ఆ కారణం మనకు పనికి వస్తుంది.

మొదటిది పొడుగు. బండిని నడిపే వెనుక చక్రానికి వరుసలో, ముందుగాని వెనుకగాని స్థలాన్నిబట్టి, ఇంకొక చక్రాన్ని అమర్చుతారు. దీనికి ఇంజను బలం అందదు, ఊరికే తిరుగుతుంది. కాబట్టి దీనిని ఉత్తచక్రం అందాం. రెండు చక్రాలూ ఒకే కొలత అయితే లెక్క సులభం. చక్రం అడ్డుకొలత 70 సెంటీమీటర్లు, రెండు ఇరుసుల మధ్య దూరం 90 సెంటీమీటర్లు అనుకొందాం. దూరాన్ని రెండింతలు చేస్తే 180. చక్రం చుట్టుకొలత సుమారు 220. మొత్తం 400 సెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క ప్రక్కకు నాలుగు మీటర్ల బెల్టు కావాలి, అతుకు వేయడానికి మరికొంత అదనం.

రెండవది బెల్టు. పిండిమరలలో, గనులలో, క్వారీలలో వాడి తీసివేసిన గుడ్డ పొరల రబ్బరు బెల్టు ఇందుకు బాగుంటుంది. వెడల్పాటి బెల్టు ఒకటి వేయడంకన్నా, మధ్య సందు వదలి సన్నని బెల్టులు రెండు వేయడం మేలు. సందులోనుండి మంచు బయటకు రాలిపోతుంది. సందు లేకపోతే లోపల చేరిన మంచు చక్రానికీ బెల్టుకూ మధ్య గట్టిపడి, చక్రాన్ని లావు చేసి, పట్టాను త్రెంచేదాకా బిగిస్తుంది. బెల్టు మరీ మందమైతే చక్రం చుట్టూ వంగడానికి మొరాయిస్తుంది, ఇంజను బలంలో కొంత ఆ వంచడంలోనే ఖర్చవుతుంది. మరీ పలుచనైతే బోల్టు కన్నాలవద్ద చిరుగుతుంది. కన్నాలను కత్తితో చీల్చరాదు, గుండ్రంగా తొలిచే పనిముట్టుతో తొలవాలి. చీలిక ఎక్కడ ఉంటే చిరుగు అక్కడనుండే మొదలవుతుంది.

మూడవది అడ్డుకమ్మీలు. యాంగిలు ఇనుముగాని, తిరగేసిన యు ఆకారపు చానెలుగాని 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, బెల్టు బయటివైపు అడ్డంగా బిగిస్తారు. పన్నెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తే, నాలుగు మీటర్ల పట్టాకు 32 కమ్మీలు. రెండు ప్రక్కలకు 64. కమ్మీకి నాలుగు బోల్టులు వేస్తే 256 బోల్టులు. ఒక్కొక్క కమ్మీ అరకిలో తూగినా 32 కిలోల ఇనుము అవుతుంది. కనుక అక్కరకు మించిన లావు ఇనుము వాడితే, బరువు తగ్గించబోయి బరువు పెంచుకొన్నట్లవుతుంది. కమ్మీ అంచులను ఆకురాయితో రుద్ది గుండ్రం చేయాలి, లేకుంటే అవే బెల్టును కోస్తాయి. బెల్టు లోపలివైపు ప్రతి బోల్టు తలక్రింద వెడల్పు వాషరుగాని ఇనుప బిళ్ళగాని ఉండాలి. నట్టు వదులుకాకుండా రెండవ నట్టో, వదలని జాతి నట్టో వేయాలి. మొదటి గంట నడిపిన తరువాత అన్ని బోల్టులనూ మళ్ళీ బిగించాలి, ఎందుకంటే కొత్త బెల్టు అణిగిపోయి బిగింపు సడలుతుంది.

నాల్గవది కొమ్ములు. పట్టా చక్రంమీదనుండి ప్రక్కకు జారిపోకుండా, లోపలివైపు టైరుకు చెరొక ప్రక్క ఇనుప కొమ్ములు నిలబెడతారు. రెండు కొమ్ముల మధ్య ఎడం టైరు వెడల్పుకన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. కొమ్ముల కొనలు కొంచెం బయటికి వాలి ఉంటే టైరు కోతపడదు. ఏటవాలు నేలమీద అడ్డంగా పోయేటప్పుడు, ఉన్నచోటనే గిరుక్కున తిప్పేటప్పుడు పట్టా జారిపోవడం పరిపాటి. అందుకే పట్టా బండిని విశాలంగా తిప్పాలి.

ఐదవది బిగింపు. ఉత్తచక్రపు ఇరుసును ముందుకు వెనుకకు జరపడానికి మరసీల ఉండాలి. పట్టాను తబలావలె బిగించకూడదు. మరీ బిగిస్తే బేరింగులు తినేస్తుంది. మరీ వదిలితే జారిపోతుంది. పైవైపు చేతితో నొక్కితే కొద్దిగా వంగేటట్లు ఉంటే చాలు. ఉత్తచక్రం ఒక చేయివంటి కడ్డీమీద పైకీ క్రిందికీ ఊగగలిగితే, ఎగుడుదిగుడులలో పట్టా నేలను వదలకుండా అంటిపెట్టుకొంటుంది. ఆ ఊగుడుకు పైనా క్రిందా ఆపుడు కట్టె ఉండాలి. లేకుంటే చక్రపు తిప్పుడుకు ఆ కడ్డీ కూడా తిరగబోతుంది.

ఆరవది ముందుభాగం. వెనుక పట్టా వేసి ముందు మామూలు టైర్లు వదలితే, అవే మంచులో దున్నుకుపోతాయి. అందువల్ల లోతు మంచులో ముందు చక్రాల బదులు, ముక్కు పైకి వంగిన చెక్కలో లోహపు బల్లలో వేస్తారు. వాటి అడుగున మధ్యగా ఒక సన్నని ఇనుప గీర ఉంటుంది. ఆ గీరే నేలను కోసి బండిని మలుపు తిప్పుతుంది.

ఇంతా చేసిన తరువాత బండి నడత మారుతుంది. బండిని తయారుచేసినవారు ఇరుసును టైరుకోసం లెక్కవేశారుగాని, పట్టాకోసం కాదు. టైరు జారితే ఇరుసు బ్రతుకుతుంది. పట్టా జారదు గనుక ఇంజను లాగుడంతా ఇరుసుమీదనే పడుతుంది. కనుక చిన్న గేరు, మెల్లని నడక. క్లచ్చిని ఒక్కసారిగా వదలరాదు. పట్టాలో చిక్కిన మంచునుగాని రాతినిగాని తీయాలంటే ఇంజను ఆపి, తాళపు చెవి జేబులో వేసుకొని, చక్రాలకు అడ్డుదుంగలు పెట్టి, అప్పుడు చేయి పెట్టాలి. తిరిగే పట్టాకు వ్రేలు ఏది, పుల్ల ఏది తెలియదు.

ఇప్పుడు ఈ పట్టాలు సాధించిన ఒక పెద్ద కార్యం చెబుతాను. 1953లో టెన్సింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ పేరు మీకు తెలిసినదే. ఆయన న్యూజీలాండు దేశస్థుడు. 1957 అక్టోబరు 14వ తేదీన ఆయన బృందం దక్షిణ ధ్రువఖండంలోని స్కాట్ స్థావరంనుండి బయలుదేరింది. వారి బండ్లు ఏమిటనుకొన్నారు? మూడు ఫెర్గూసన్ వ్యవసాయ ట్రాక్టర్లు. ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన చిన్న ట్రాక్టర్లు, శక్తి ముప్పది గుర్రాలకు లోపే. చేలో నాగలి లాగడానికి పుట్టిన ఆ బండ్లకు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య ఒక ఉత్తచక్రం చేర్చి, మూడింటినీ చుట్టి పట్టా వేశారు. వీటితోపాటు మంచుకోసమే పుట్టిన వీజల్ అనే పట్టాబండి ఒకటి కూడా బయలుదేరింది. దారిలో ఆ వీజల్‌నే వదలివేయవలసి వచ్చింది. ట్రాక్టర్లు మాత్రం సుమారు 2,000 కిలోమీటర్లు నడిచి, 1958 జనవరి 4వ తేదీన దక్షిణ ధ్రువాన్ని చేరాయి. నేలమార్గాన మోటారు బండ్లు ధ్రువాన్ని చేరడం అదే మొదటిసారి.

ఈ కథ ఘనతకోసం చెప్పలేదు. ఆ ప్రయాణంలో వారిని ఎక్కువగా భయపెట్టింది మెత్తని మంచు కాదు, మంచుక్రింద దాగిన అగాధపు పగుళ్ళు. పైన పలుచని మంచుకప్పు, క్రింద గొయ్యి. అందుకనే ట్రాక్టర్లను ఒకదానితో ఒకటి త్రాళ్ళతో కట్టుకొని నడిపారు. ఒకటి పగులులో దిగినా మిగిలినవి పట్టి ఆపుతాయని. ఇక్కడనే మనం గ్రహించవలసిన సంగతి ఉన్నది. పట్టా బరువును పంచుతుందిగాని తగ్గించదు. పైనున్న మెత్తదనాన్ని అది జయిస్తుంది. క్రింద ఆధారమే లేనిచోట దాని వెడల్పు ఆదుకోదు. చలిదేశాలలో గడ్డకట్టిన చెరువుమీదికి పట్టాబండిని తోలి మునిగినవారు ఉన్నారు. బండి తేలికగా నడుస్తున్నది గదా అని నమ్మారు. చెరువుమీది గడ్డ మాత్రం మొత్తం బండి బరువును మోయాలి. మనకూ ఇదే నీతి. శిథిలమైన కాలువ తూము, నానిన గట్టు, పాతబడిన చప్టా, వీటికి కావలసింది మన బండి మొత్తం బరువు లెక్క. చక్రం వెడల్పు చూచుకొని వాటిమీదికి పోరాదు.

ఇక మన చేలలోకి వద్దాం. కోస్తాలో దమ్ము అన్నా, తెలంగాణలో కరిగెట అన్నా పని ఒకటే. నీరు నిలిపి, మన్ను కలియబెట్టి, నాటుకు సిద్ధం చేయడం. అక్కడ మనం వాడే ఇనుప దమ్ము చక్రాలు, అంటే కేజ్ వీల్స్, పట్టాకు దాయాదులే. వెడల్పుతో బరువు పంచుతాయి, అడ్డుకమ్మీలతో పట్టు ఇస్తాయి, సందులలోనుండి బురదను రాల్చుకొంటాయి. కొందరు టైరు తీసి పూర్తి ఇనుప చక్రం వేస్తారు, కొందరు టైరు ప్రక్కన సగం చక్రం తగిలిస్తారు.

కాని మంచుకూ బురదకూ ఒక భేదం ఉన్నది. ఏటేటా దమ్ము చేసిన చేలో, మెత్తని బురదకు అడుగున ఒక గట్టిపొర ఏర్పడి ఉంటుంది. చక్రం బురదను దాటి ఆ పొరమీద నిలబడి నడుస్తుంది. ఆ పొరే నీటిని కూడా ఇంకిపోకుండా ఆపుతుంది. లోతుదుక్కి చేసి దానిని పగులగొట్టిన ఏడాది ట్రాక్టరు దిగబడితే, తప్పు ఇంజనుది కాదు. కాబట్టి కొత్త చేలో, మెరక తీసిన చేలో, పాత గుంట పూడ్చిన చేలో ట్రాక్టరు దింపే ముందు ఒక గడకర్ర తీసుకొని నాలుగైదు చోట్ల గుచ్చి చూడండి. గట్టిపొర ఎంతలో తగిలిందో తెలుస్తుంది. కర్ర దిగిపోతూనే ఉన్నచోట గుర్తుగా ఒక కొమ్మ పాతండి. హిల్లరీ బృందానికి పగుళ్ళు ఎట్లాగో మనకు ఆ మెత్తని గుంటలు అట్లాగు.

అసలు పట్టా మన చేలకు రాకపోలేదు. కార్తీకంలో తుపాను వచ్చి, పండిన వరి పడిపోయి, చేలో నీరు నిలిచినప్పుడు టైరు కోతయంత్రం దిగలేదు. అప్పుడు మన రైతులు 'చైను మిషను' కోసం పరుగెత్తుతారు. ఆ చైను అంటే రబ్బరు పట్టాయే. అద్దె ఎక్కువైనా తడిచేలో పంట దక్కేది దానివల్లనే. అది వెళ్ళిన తరువాత చేలో జాడలు ఎంత లోతున్నవో, టైరు యంత్రం జాడలు ఎంత లోతున్నవో కొలిచి చూడండి. ఇందాకటి లెక్క కళ్ళకు కడుతుంది.

"అయితే మా ట్రాక్టరుకూ ఊళ్ళో వెల్డింగు షాపులో పట్టా చేయించుకోమంటారా?" అని అడగవచ్చు. వద్దంటాను. మంచు శుభ్రమైనది, రాలిపోతుంది. మన నల్లరేగడి బురద ఇసుకతో కలిసి బేరింగులను అరగదీస్తుంది, కొమ్ముల సందున పేరుకొని పట్టాను త్రెంచుతుంది. కంపెనీవారు పట్టాయంత్రానికి మట్టి చొరకుండా ప్రత్యేకమైన సీళ్ళు అమర్చి పుట్టించారు. మన అతుకుబొతుకు పని ఆ చాకిరీకి నిలువదు. దమ్ముకు దమ్ము చక్రాలే చాలు. అవి కూడా మీ బండి ఇరుసుకు, టైరు కొలతకు సరిపోయినవే వేయండి. ఇనుప చక్రాలతో తారురోడ్డు ఎక్కకండి. రోడ్డు పాడవుతుంది, చట్టమూ ఒప్పదు. చేను గట్టువరకు వాటిని ట్రాలీలో తీసుకుపోయి అక్కడ బిగించుకోండి.

చివర చెబుతానన్న సంగతి ఇదే. శ్రద్ధగా వినండి. దిగబడిన ట్రాక్టరును పైకి తీయడానికి కొందరు వెనుక చక్రాలకు దుంగను గొలుసుతో కట్టి, ముందుగేరు వేసి గట్టిగా తొక్కుతారు. చక్రం తిరిగితే దుంగ క్రిందికి వచ్చి బండిని లేపుతుందని ఆశ. ఒక్కోసారి లేపుతుంది కూడా. కాని దుంగ బురదలో తన్నుకొని చక్రం తిరగకుండా బిగిసిపోతే ఏమవుతుంది? ఇంజను బలం ఎక్కడికో పోవాలి గదా! చక్రాన్ని తిప్పలేని బలం బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఒకటి రెండు సెకండ్లలో ట్రాక్టరు వెనుకకు తిరగబడి, డ్రైవరు దానిక్రింద పడతాడు. క్రింద బురద, పైన బండి. కేక వేయడానికి కూడా వ్యవధి ఉండదు. ఇట్లా ప్రాణాలు పోవచ్చు. అందుచేత ఈ క్రింది జాగ్రత్తలు మనసున పెట్టుకోండి.

చక్రం ఒకచోటనే తిరుగుతున్నట్టు తోచగానే క్లచ్చి నొక్కండి. ఇంకా త్రొక్కవద్దు. రోటవేటరు ఆపండి. చక్రాలకు దుంగగాని, రాతిని గాని కట్టవద్దు. ముందుకన్నా వెనుకకు రావడానికే ముందు ప్రయత్నించండి. వచ్చిన జాడ ఎంతోకొంత అణిగి ఉంటుంది, వెనుకకు నడిపేటప్పుడు ముందుభాగం లేచే భయమూ తక్కువ. పారతో చక్రం వెనుక బురదను ఏటవాలుగా తీసి దారి చేయండి. అప్పటికీ రాకపోతే రెండవ ట్రాక్టరును గట్టి నేలమీద నిలిపి, పొడుగాటి గొలుసుతో మెల్లగా లాగించండి. లాగే ట్రాక్టరుకు గొలుసును క్రిందనున్న డ్రాబారుకే తగిలించాలి. పైకొక్కేనికి తగిలిస్తే లాగే బండే తిరగబడుతుంది. గొలుసు దగ్గర మనుషులు ఎవరూ నిలబడరాదు. మడ్‌గార్డుమీద పిల్లలనుగాని పెద్దలనుగాని ఎక్కించరాదు.

ఇంకొక మాట. డ్రైవరు సీటుకు పైన ఉక్కు చట్రం ఉంటే, బండి తిరగబడినా మనిషికి చోటు మిగులుతుంది. సీటుబెల్టు పెట్టుకొంటేనే ఆ చోటులో మనిషి నిలుస్తాడు. స్వీడన్ దేశం 1959 నుండే కొత్త ట్రాక్టర్లన్నిటికీ అటువంటి చట్రం ఉండాలని చట్టం చేసింది. ట్రాక్టరు తిరగబడి చనిపోయేవారు అక్కడ బాగా తగ్గిపోయారు. ట్రాక్టరు కొనేటప్పుడు పాటల పెట్టె సంగతి తరువాత, ముందు ఆ చట్రం సంగతి అడగండి.

వాల్‌కూర్‌లో ఆ గారేజీవాడు బిడ్డను పోగొట్టుకొని పట్టాను సాధించాడు. పాఠం నేర్చుకోవడానికి మనం అంత మూల్యం చెల్లించనక్కరలేదు. మెత్తని నేలమీద గెలిచేది వెడల్పాటి అడుగు, మెల్లని నడక, క్రిందనున్న నేల ఎట్టిదో తెలిసిన మనసు. వచ్చే దమ్ములకు ట్రాక్టరు దింపే ముందు మీ డ్రైవరు కుర్రవాణ్ణి ప్రక్కన కూర్చోబెట్టుకొని, దుంగ సంగతి ఒక్కసారి చెప్పండి. ఆ ఒక్క మాట అతని ఇంటిని నిలబెట్టవచ్చు.